కొత్త ల్యాప్‌టాప్‌పై లినక్స్: డిస్ట్రో పేరు కంటే కెర్నల్ వయసు ముఖ్యం

మార్కెట్లోకి వచ్చి రెండు నెలలైనా నిండని ఒక ల్యాప్‌టాప్‌ను కొని, అందులో ముందే ఉన్న విండోస్ 11ను ఒక మూలకు సర్ది, మిగిలిన చోటంతా లినక్స్‌కు కేటాయించి రెండున్నర నెలలుగా దానిపైనే పని చేసుకుంటున్నాను. ఈ సమీక్ష ఆ ల్యాప్‌టాప్ వేగం గురించో, అందచందాల గురించో కాదు. సరికొత్త యంత్రంపై లినక్స్ ఎంతవరకు కుదురుకుంటుంది, ఏ భాగం మొదటి రోజే మాట వింటుంది, ఏది వారాల తరబడి మొరాయిస్తుంది అన్న సంగతులను నాకు ఎదురైన తీరులోనే రాస్తున్నాను. తయారీ సంస్థ పేరు కావాలనే చెప్పడం లేదు. ఇందులో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇటీవల విడుదలైన ఏ సంస్థ ల్యాప్‌టాప్‌లోనైనా ఎదురు కాగలవి. యంత్రం వివరాలు మాత్రం అవసరం కనుక చెబుతాను: ఏఎండీ ప్రాసెసర్, అందులోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్, 14 అంగుళాల తెర, వైఫై 7 కార్డు, పవర్ మీటలోనే అమర్చిన వేలిముద్ర సెన్సర్. చివరికి నేను స్థిరపడిన డిస్ట్రో, అంటే లినక్స్ రూపాంతరం, ఫెడోరా 42, కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌తో.

విండోస్ విషయంలో, యంత్రంలోని ఒక్కొక్క భాగాన్నీ నడిపే డ్రైవర్లు సిద్ధం చేసి, యంత్రంతో పాటే అందించే బాధ్యత తయారీదారుది. లినక్స్‌లో ఆ ఏర్పాటు వేరు. డ్రైవర్లలో అత్యధిక భాగం లినక్స్‌కు గుండె వంటి కెర్నల్‌లోనే ఉంటాయి, దానితో పాటే పెరుగుతాయి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కెర్నల్ ఇప్పుడు 9 లేదా 10 వారాలకొకసారి కొత్త వెర్షన్‌గా వెలువడుతోంది. ప్రతి వెర్షన్‌లోనూ కొత్త చిప్‌లకు డ్రైవర్లతో పాటు, ఫలానా మోడల్‌కు ఫలానా తిక్క ఉంది, దానితో ఇలా మెలగాలి అని గుర్తు చేసే చిన్న చిన్న సవరణలు కూడా చేరుతుంటాయి. అందువల్ల యంత్రం పుట్టకముందే విడుదలైన కెర్నల్‌కు ఆ యంత్రం అపరిచితురాలే. రెండేళ్ల నాటి ల్యాప్‌టాప్‌పై లినక్స్ ఎక్కించడం ఈ రోజుల్లో చెప్పుకోదగ్గ విశేషం కానే కాదు. అదే పనిని పెట్టె విప్పిన వారంలోనే చేస్తే ఏమవుతుందో నాకు మూడు రోజుల్లో తెలిసివచ్చింది.

ముందుగా విండోస్‌లో ఉండగానే చేసుకోవలసిన పనులు నాలుగున్నాయి, వాటిలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యం. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ చాలాసార్లు బిట్‌లాకర్‌తో ముందే ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది, ఆ సంగతి కొన్నవారికి తెలియకపోవచ్చు కూడా. దాని రికవరీ కీ 48 అంకెలు. యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే బయాస్‌లో, సంతకం ఉన్న ప్రోగ్రాంలనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ వంటి అమరికను కదిలించగానే విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఎక్కువ. అప్పుడు అది మీ దగ్గర లేకపోతే విండోస్ భాగంలోని ఫైళ్లు చేజారినట్లే. నేను దాన్ని కాగితం మీద రాసుకున్నాను, ఎందుకు మంచిదైందో తర్వాత చెబుతాను. రెండో పని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయడం. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ అన్నది సగం నిద్రే, ఆ స్థితిలో విండోస్ భాగాన్ని లినక్స్ నుంచి తెరవడం ఫైళ్లకు క్షేమం కాదు. మూడోది, లినక్స్‌కు కావలసిన ఖాళీని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే కత్తిరించడం. నాలుగోది బయాస్‌ను తాజా చేయడం. ఈ నాలుగో పనిని నేను అశ్రద్ధ చేశాను, దానికి తగిన ఫలితం నిద్ర విషయంలో అనుభవించాను.

బయాస్‌లో చూడవలసినవి తక్కువే. లినక్స్ డిస్ట్రోలలో ప్రధానమైనవి చాలావరకు సెక్యూర్ బూట్‌తోనే మొదలవుతాయి, ఎందుకంటే వాటి మొదటి మెట్టయిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాంపై మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. అయితే కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ సొంత సంతకాన్ని మాత్రమే అంగీకరించి, ఇతరుల ప్రోగ్రాంల కోసం అది వేసే సంతకాన్ని తిరస్కరించేలా అమరిక పెట్టి పంపుతున్నారు. నాదీ అలాంటిదే. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయబోతే భద్రతా ఉల్లంఘన అని ఒక ఎర్ర పెట్టె కనిపించింది. సెక్యూర్ బూట్‌ను పూర్తిగా తీసివేయనక్కరలేదు. థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌ను అనుమతించు అన్న గడిని టిక్ చేస్తే చాలు. ఇంటెల్ యంత్రాలు కొన్నిటిలో డిస్క్ ఆర్ఎస్‌టీ అనే ఇంటెల్ సొంత పద్ధతిలో ఉండి ఇన్‌స్టాలర్‌కు కనబడని సమస్య ఒకటుంది, అది నాకు ఎదురు కాలేదు. అది ఎదురైనవారు బయాస్‌లో ఏహెచ్‌సీఐ అనే సాధారణ పద్ధతికి మార్చే ముందు విండోస్‌ను ఒకసారి సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా సిద్ధం చేసుకోకపోతే విండోస్ ఇక లేవదు.

ఇక అసలు కథ. మొదట నేను ఎంచుకున్నది దీర్ఘకాలిక మద్దతు ఉన్న ఒక ప్రసిద్ధ డిస్ట్రో. పాత ల్యాప్‌టాప్‌లో ఏళ్ల తరబడి వాడినది, చేతికి అలవాటైనది, ఎక్కడ ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగినది. ఇన్‌స్టాలేషన్ పావుగంటలో ముగిసింది. డెస్క్‌టాప్ వచ్చింది, కాని మూలన ఉండవలసిన వైఫై గుర్తు లేదు. నెట్‌వర్క్‌లు దొరకకపోవడం కాదు, ఆ యంత్రంలో వైఫై అనే పరికరమే లేనట్లు మెనూ ఖాళీగా ఉంది. ఇటువంటప్పుడు టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ ఆదేశాన్ని కే అనే ఐచ్ఛికంతో ఇచ్చి చూడాలి. అది ప్రతి పరికరం కిందా దాన్ని నడుపుతున్న డ్రైవర్ పేరు చూపిస్తుంది. నా వైఫై కార్డు పేరు జాబితాలో ఉంది, దాని కింద డ్రైవర్ వరుస మాత్రం లేదు. అంటే బల్ల మీద మనిషి కూర్చున్నాడు గాని అతనితో మాట్లాడగల భాష ఆ గదిలో ఎవరికీ రాదు.

ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఇంటర్నెట్ వచ్చింది. కొత్త ల్యాప్‌టాప్‌పై లినక్స్ ఎక్కించబోయేవారు మరేది మరచినా ఒక డేటా కేబుల్‌ను దగ్గర పెట్టుకోవడం మరవకూడదు. ఆ తర్వాత జరిగినదంతా దాని చలవే. వీలైతే ఒక యూఎస్‌బీ కీబోర్డు కూడా ఉంచుకోవాలి, కొన్ని మోడళ్లలో లోపలి కీబోర్డే పనిచేయక, ఆ మోడల్ పేరు కెర్నల్‌లోని ఒక ప్రత్యేక జాబితాలో చేరేవరకు ఎదురుచూడవలసిన సందర్భాలున్నాయి. ఇంటర్నెట్ అందింది కనుక, డిస్ట్రోతో వచ్చిన కెర్నల్‌ను పక్కన పెట్టి, నేరుగా కొత్త కెర్నల్‌ను తెచ్చి ఎక్కించాను. రీబూట్ చేశాను. షిమ్ సంతకం చెల్లదు అన్న ఒక వరుస చూపి యంత్రం అక్కడే ఆగిపోయింది. ఆ కెర్నల్‌పై డిస్ట్రో వారి సంతకం లేదు, సెక్యూర్ బూట్ దాన్ని లోపలికి రానివ్వలేదు, తన విధి తాను నిర్వర్తించింది.

సరే, ప్రయోగం కోసం సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపాను. ఆ రాత్రి ఒక పత్రం కోసం విండోస్‌లోకి వెళ్లబోతే నీలి తెర మీద 48 అంకెల కీ అడిగింది. కాగితం వెతికి, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు టైపు చేశాను. ఆ కాగితమే లేకపోతే ఈ సమీక్ష స్వరం మరోలా ఉండేది. తిరిగి లినక్స్‌లోకి వచ్చాక కొత్త కెర్నల్ వైఫై చిప్‌ను గుర్తుపట్టింది, డ్రైవర్ పేరు కనిపించింది, అయినా వైఫై రాలేదు. ఈసారి కెర్నల్ లాగ్‌ను తెరిస్తే ఫర్మ్‌వేర్ ఫైలు లోడ్ కాలేదు, లోపం -2 అని ఉంది. -2 అంటే యూనిక్స్ సంప్రదాయంలో అటువంటి ఫైలే లేదని అర్థం. డ్రైవర్ వేరు, ఫర్మ్‌వేర్ వేరు అన్న సంగతి ఇక్కడ తేటపడుతుంది: డ్రైవర్ కెర్నల్‌లో ఉండి ప్రాసెసర్‌పై నడుస్తుంది, ఫర్మ్‌వేర్ ఆ చిప్ లోపల నడిచే ప్రోగ్రాం, దాన్ని లినక్స్-ఫర్మ్‌వేర్ అనే మరో ప్యాకేజీ సమకూర్చాలి. నా డిస్ట్రోలోని ఆ ప్యాకేజీ కూడా పాతదే. దాన్ని కూడా బయటి నుంచి తెచ్చి, ఫైళ్లను వాటి చోట పెట్టి, మళ్లీ రీబూట్ చేస్తే అప్పుడు వైఫై పలికింది.

ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, కిటికీలను తెర మీద లాగితే వెనకబడి వస్తున్నాయి. చూస్తే గ్రాఫిక్స్ పని అంతా ఎల్ఎల్‌వీఎం పైప్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతిలో సాగుతోంది, అంటే గ్రాఫిక్స్ చిప్ చేయవలసిన పనిని ప్రాసెసరే మోస్తోంది. కారణం మీసా. తెర మీద బొమ్మలు గీయించే ఆ సాఫ్ట్‌వేర్‌కు కూడా కొత్త చిప్ పరిచయం ఉండాలి, నా డిస్ట్రోలోని మీసా దానికంటే ముందటిది. కెర్నల్, ఫర్మ్‌వేర్, మీసా మూడూ ఒకే ఈడువి అయితే తప్ప కొత్త ల్యాప్‌టాప్ కుదురుగా నడవదని, ఒక్క కెర్నల్‌ను మార్చడం మూడు కాళ్ల పీటకు ఒక కాలు మాత్రం పొడిగించడమని అప్పటికి అర్థమైంది. మూడో రోజు సాయంత్రం ఆ డిస్ట్రోను తుడిచివేశాను. అది చెడ్డదని నేను అనను. దీర్ఘకాలిక డిస్ట్రోలు స్థిరత్వం కోసమే పాత వెర్షన్లను పట్టుకుని ఉంటాయి, కొన్ని నెలలకొకసారి కొత్త కెర్నల్‌ను, మీసాను కలిపి అందిస్తాయి కూడా. ఆగగలిగినవారికి అది మంచి దారి. పెట్టె విప్పిన వారానికి కాదు.

ఫెడోరా ఆరు నెలలకొకసారి కొత్త విడుదల ఇస్తుంది, ఒక్కో విడుదలకు దాదాపు 13 నెలలు మద్దతు ఉంటుంది, మధ్యలో కూడా కెర్నల్‌ను తాజా వెర్షన్‌కు మారుస్తూనే ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 42వ విడుదల 6.14 కెర్నల్‌తో వచ్చింది. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూశాను, ఈసారి వెంటనే ఇన్‌స్టాల్ చేయలేదు. మొదటిసారి చేసిన తొందరకు అదే ప్రాయశ్చిత్తం. వైఫై గుర్తు మూలన ఉంది, పాస్‌వర్డ్ ఇవ్వగానే కలిసింది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు దొరికాయి. తెర వెలుగు మీటలు, శబ్దం మీటలు, కీబోర్డు దీపం పనిచేశాయి. టచ్‌ప్యాడ్‌పై మూడు వేళ్లతో పక్కకు తోస్తే తెరలు మారాయి. కెమెరా కనిపించింది. స్పీకర్ల నుంచి శబ్దం వచ్చింది గాని పల్చగా ఉంది. మూత మూసి తెరిస్తే తెర తిరిగి వెలిగింది. అరగంట ఇలా తిప్పి చూసి, ఆ తర్వాతే డిస్క్‌పై ఎక్కించాను. సెక్యూర్ బూట్‌ను తిరిగి పెట్టాను, ఆ తర్వాత దాన్ని కదిలించే అవసరం రాలేదు.

తెర గురించి ఒక మాట. 14 అంగుళాలలో అంత దట్టమైన తెరను 100 శాతం వద్ద చదవలేము, 200 శాతం వద్ద చోటు చాలదు. 150 శాతం వంటి నడిమి కొలతలు లినక్స్‌లో ఒకప్పుడు అక్షరాలను అలికేసేవి. ప్లాస్మా 6.3లో, వేల్యాండ్ అనే కొత్త తెర వ్యవస్థపై, ఆ ఇబ్బంది దాదాపుగా లేదు. నేను దీన్ని తెలుగు పాఠంతోనే పరీక్షించాను, ఎందుకంటే రోమన్ అక్షరాల కంటే మన వత్తులు కఠినమైన పరీక్ష: శాస్త్రంలో సకారం కింద తవత్తూ, క్రావడీ విడివిడిగా కనిపిస్తున్నాయా, రాష్ట్రంలో ట్ర మసక కాకుండా నిలుస్తోందా అన్నది చూడాలి. నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో, 150 శాతం వద్ద అవి తీరుగా ఉన్నాయి. వేల్యాండ్‌కు ముందటి ఎక్స్11 కాలం నాటి పద్ధతిలో నడిచే కొన్ని పాత అప్లికేషన్లలో మాత్రం అదే పాఠం కొంచెం అలుక్కుపోయినట్లు కనబడుతుంది.

స్పీకర్ల విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే అది పనిచేయడం, పనిచేయకపోవడం అన్న రెంటి మధ్యా ఉండే స్థితి. పాట వినిపిస్తుంది, కాని డబ్బాలోంచి వచ్చినట్లు ఉంటుంది, మృదంగం వంటి బరువైన ధ్వనులు ఉండవలసిన చోట చప్పుడు మాత్రం మిగులుతుంది. ఈ ల్యాప్‌టాప్‌లో నాలుగు స్పీకర్లున్నాయి. పై రెండూ సన్నని ధ్వనులకు, కింది రెండూ లోతైన ధ్వనులకు. కింది వాటిని నడిపేది స్మార్ట్ ఆంప్లిఫయర్ అనే వేరే చిప్. అది స్పీకర్ వేడెక్కి పాడవకుండా తానే లెక్క వేసుకుంటుంది, దానికి ఆ మోడల్‌కు సరిపడే సొంత ఫర్మ్‌వేరూ, అమరికల ఫైలూ కావాలి. కెర్నల్ ఏ ఆంప్లిఫయర్ ఎక్కడ ఉందో తెలుసుకునేది ఆ ల్యాప్‌టాప్ గుర్తింపు సంఖ్యను బట్టి. నా మోడల్ సంఖ్య అప్పటికి పట్టికలో లేదు, కనుక కింది స్పీకర్లు మౌనంగానే ఉండిపోయాయి.

చేతితో సరిదిద్దే మార్గాలు కొన్ని ఉన్నాయి, వాటి జోలికి నేను పోలేదు, రక్షణ లెక్కలు లేకుండా ఆంప్లిఫయర్‌ను తెరిస్తే స్పీకర్ కాలిపోయే ప్రమాదం లేకపోలేదు. అయిదు వారాలు హెడ్‌ఫోన్లతో గడిపాను. ఫెడోరాలో 6.15 కెర్నల్ వచ్చిన వారంలో, ఒక ఉదయం అప్‌డేట్ తర్వాత ఏదో వీడియో పెడితే, చేతుల కింద బల్ల అదిరింది. నేను చేసినదేమీ లేదు. ఎవరో ఒక వరుస చేర్చారు, అది నా దాకా వచ్చింది. కొత్త యంత్రంపై లినక్స్ వాడేవారికి దక్కే విచిత్రమైన సంతోషం ఇది, యంత్రం కొన్న నాటి కంటే ఆరు వారాల తర్వాత మెరుగవుతుంది. అయితే ఈ అయిదు వారాల నిరీక్షణను అందరూ ఒప్పుకోవాలని నేననను. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరై, దానిపై రేపు ఉదయం వీడియో సమావేశం ఉన్నవారికి ఇది సంతోషం కాదు, తలనొప్పి.

నిద్ర విషయం ఇంకా లోతైనది. పాత ల్యాప్‌టాప్‌లలో ఎస్3 అనే స్థితి ఉండేది. ర్యామ్‌కు తప్ప తక్కిన వాటికి దాదాపుగా విద్యుత్తు ఆపివేసే పనిని ఫర్మ్‌వేర్ చూసుకునేది. కొత్త వాటిలో చాలావరకు దాన్ని తీసివేసి, ఎస్2ఐడిల్ అనే పద్ధతిని మాత్రమే ఉంచుతున్నారు. అందులో యంత్రం నిజంగా ఆగదు, మెలకువగానే ఉండి ఒక్కొక్క భాగాన్నీ వీలైనంత లోతైన విశ్రాంతికి పంపుతుంది. ఏ ఒక్క భాగం పడుకోకపోయినా మిగతావన్నీ దాని కోసం సగం మేలుకునే ఉంటాయి. నా ల్యాప్‌టాప్‌లో మొదటి వారం ఇదే జరిగింది. రాత్రి మూత మూసి సంచిలో పెడితే, ఉదయానికి సంచి లోపల గోరువెచ్చగా ఉండేది. రాత్రి 90 శాతం ఉన్న బ్యాటరీ తెల్లవారేసరికి 61 శాతం చూపించిన రోజు, ఇక ఊరుకోకూడదని లాగ్ తెరిచాను. గత నిద్ర అత్యంత లోతైన స్థితిని చేరలేదు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఏఎండీ యంత్రాలలో ఆ వరుసను రాసేది కెర్నల్‌లోని డ్రైవరే, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

కెర్నల్ ఐచ్ఛికాలు రెండు మూడు మార్చి చూశాను, ఫలితం లేదు. వైఫైని ఆపి మూత మూశాను, అదీ కాదు. ఆఖరికి నేను మొదట్లో వదిలేసిన నాలుగో పని గుర్తుకు వచ్చింది. ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే సాధనం లినక్స్ నుంచే బయాస్‌ను తాజా చేయగలదు. రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టిన ఈ పథకంలో తయారీ సంస్థలే తమ ఫర్మ్‌వేర్ ఫైళ్లను ఎల్‌వీఎఫ్ఎస్ అనే సేవలోకి ఎక్కిస్తాయి, అక్కడి నుంచి అవి మామూలు అప్‌డేట్ల వరుసలోనే మన డెస్క్‌టాప్‌లో కనిపిస్తాయి. చూస్తే నా మోడల్‌కు రెండు బయాస్ వెర్షన్లు ఎదురుచూస్తున్నాయి. ఛార్జర్ తగిలించి, ఎక్కించి, తెర మీద గీత నిండుతూ ఉన్న నాలుగు నిమిషాలూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ రాత్రి నుంచి తరుగు 6 లేదా 7 శాతానికి దిగింది. ఎస్3 ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక రాత్రికి తరిగేది దాంట్లో సగమే, ఆ లెక్కన ఇది ఇప్పటికీ గొప్ప కాదు. అలాగని ర్యామ్‌లోనిదంతా డిస్క్‌పై దాచి యంత్రాన్ని పూర్తిగా ఆపే హైబర్నేట్ చేద్దామంటే ఫెడోరాలో సెక్యూర్ బూట్ ఉన్నంతకాలం కెర్నల్ దాన్ని అనుమతించదు. అలా దాచడానికి కావలసిన స్వాప్ కూడా జెడ్‌ర్యామ్ రూపంలో ర్యామ్‌లోనే ఉంటుంది గాని డిస్క్‌పై ఉండదు.

కెమెరా నాకు ఏ ఇబ్బందీ పెట్టలేదు. అయితే అది అదృష్టం, కొనేముందు ఆరా తీసి కొన్నది కాదు. నా కెమెరా లోపల యూఎస్‌బీకి తగిలించి ఉన్న యూవీసీ రకం, దానికి ప్రత్యేక డ్రైవర్ అక్కరలేదు. కొన్ని కొత్త సన్నని ల్యాప్‌టాప్‌లలో కెమెరాను ఎంఐపీఐ అనే దారిలో నేరుగా ప్రాసెసర్‌కు కలుపుతున్నారు. అప్పుడు వచ్చేది బొమ్మ కాదు, రంగులు కూర్చని ముడి సమాచారం. దాన్ని బొమ్మగా మార్చే పనిని లిబ్‌కెమెరా వంటి సాఫ్ట్‌వేర్ చేయాలి, అది అన్ని మోడళ్లకూ ఇంకా అందలేదు. దుకాణంలో లైవ్ పెన్‌డ్రైవ్‌తో చూడనిస్తే మొదట చూడవలసింది ఇదే అంటాను.

బ్యాటరీ మామూలు పనిలో విండోస్‌తో సమానంగానే వస్తోంది. వీడియోలు చూసేటప్పుడే తేడా. పేటెంట్ల కారణంగా ఫెడోరా తన మీసాలో హెచ్.264, హెచ్.265 వీడియోలను గ్రాఫిక్స్ చిప్ ద్వారా విప్పే భాగాన్ని ఇవ్వదు, ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్నవారు ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి భాండారం నుంచి ఆ ప్యాకేజీని తెచ్చుకోవాలి. అది చేశాక ఫ్యాన్ శాంతించింది. ఛార్జింగ్‌ను 80 శాతం వద్ద ఆపే అమరిక ప్లాస్మా సెట్టింగ్‌లలోనే ఉంది, రీబూట్ తర్వాత కూడా నిలుస్తోంది. పవర్ ప్రొఫైళ్లను ఫెడోరా ఇప్పటికే ట్యూన్డ్ అనే సేవతో నడుపుతుంది కనుక దాని మీద, అటువంటి పనే చేసే టీఎల్‌పీని కూడా ఎక్కించవద్దు, రెండూ ఒకే పగ్గాన్ని చెరోవైపు లాగుతాయి.

రెండు వ్యవస్థలూ ఉన్నవారికి గడియారం తప్పు చూపడం ఒక చిల్లర చికాకు: లినక్స్ లోపలి గడియారాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచుతుంది, విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది. టైమ్‌డేట్‌సీటీఎల్‌తో లినక్స్‌ను కూడా స్థానిక సమయానికి మార్చవచ్చు, ఒక్క ఆదేశంతో అయిపోతుంది. విడి ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ గురించి నా చేతి అనుభవం లేదు. ఆ డ్రైవర్‌ను కెర్నల్‌కు బయటి నుంచి చేర్చాలి కనుక సెక్యూర్ బూట్‌తో వాడాలంటే సొంత కీ ఒకటి తయారు చేసి, రీబూట్‌లో వచ్చే నీలి తెర మీద దాన్ని నమోదు చేసుకోవాలన్నంత వరకు చెప్పగలను.

మిగిలింది వేలిముద్ర సెన్సర్. లినక్స్‌లో ఈ పని చూసేది లిబ్‌ఎఫ్‌ప్రింట్, అది గుర్తించే సెన్సర్ల జాబితా బహిరంగంగానే ఉంటుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం ఇస్తే ప్రతి పరికరం పక్కనా నాలుగు అక్షరాలు, ఒక కోలన్, మళ్లీ నాలుగు అక్షరాల గుర్తు కనిపిస్తుంది. దాన్ని ఆ జాబితాతో పోల్చుకుంటే సెన్సర్ పనిచేస్తుందో లేదో కొనకముందే తేలిపోతుంది. నేను కొన్న తర్వాత పోల్చాను. అదే చిప్ తయారీదారు సెన్సర్లు పదికి పైగా అందులో ఉన్నాయి, నాది లేదు. చివరి రెండు అక్షరాలే తేడా. సెన్సర్‌తో మాట్లాడే పద్ధతిని తయారీదారు బయటపెడితే తప్ప కెర్నల్ ఎంత కొత్తదైనా ఇక్కడ చేయగలిగినది లేదు. రెండున్నర నెలల్లో ఆ పవర్ మీట మీద నా వేలు పెట్టింది యంత్రాన్ని ఆన్ చేయడానికే, లోపలికి వెళ్లడానికి ఇప్పటికీ పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డ్ టైపు చేస్తున్నాను.